రామంతాపూర్ నుంచి పలికిన అండమాన్

యూనివర్సిటీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి, పోయినేడు రిటైరయ్యాను. ఈ మధ్య నా స్థానంలో చేరిన అమ్మాయి తార్నాకలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "మేడమ్, స్కౌట్ల క్యాంపులో రేడియో స్టేషన్ మీరే పెట్టేవారట కదా. ఈసారి నన్ను పెట్టమంటున్నారు. ఏమేం తెలిసుండాలి?" అని అడిగింది. తీగ ఎంత పొడవుండాలో, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో, ఏ చెట్టు కొమ్మ నమ్మదగిందో చెప్పి పంపాను. వెళ్ళిపోయాక అసలు సంగతి చెప్పలేదనిపించింది. అది టీ కప్పు ముందు కూర్చుని చెప్పడం నావల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను.

నా హోదాలు ఎప్పుడు మారాయో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో ఇందులో ఉండదు. నాకు పని నేర్పిన ఒకాయన గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి, దాన్ని పట్టుకున్న పదమూడేళ్ళ అమ్మాయి గురించి మాత్రమే ఉంటుంది.

దాచిన మీటరు

మాది నంద్యాల వైపు. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చాను. ల్యాబులో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఖాజా సాబ్. ల్యాబంతా ఆయన చేతిలో ఉండేది. ఏ పరికరం పాడైనా ప్రొఫెసర్లు సైతం ఆయన బల్ల దగ్గరికే వచ్చేవారు.

చేరిన మూడో నెలలో అనుకుంటాను, ఒక విద్యార్థి తీగలు తప్పుగా కలిపి మీటరు కాల్చేశాడు. అందరి ముందూ అతన్ని బాగా తిట్టాను. ఆ రోజు నుంచి నా ల్యాబులో ఒక్క మీటరూ కాలలేదు. నా క్రమశిక్షణ చూసి నేనే మురిసిపోయాను. సెలవులకి ముందు బీరువాలు సర్దుతుంటే అడుగు అరలో పాత పేపర్ల కింద ఆరు మీటర్లు దొరికాయి. అన్నీ కాలిపోయినవే. ఖాజా సాబ్ వాటిని వరసగా బల్ల మీద పేర్చి, "చూడు బేటీ. పిల్లలు కాల్చడం మానలేదు. నీకు చెప్పడం మానిండ్రు" అన్నారు.

ఆ మాట అర్థమైంది. తర్వాత చాలా ఏళ్ళు నా దగ్గరికి ఎవరు ఏం పాడుచేసుకొచ్చినా ముందు కూర్చోమని, ఏం జరిగిందో చెప్పమనే దాన్ని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇదొక్కటి పట్టుకున్నా సగం ఉద్యోగం వచ్చినట్టే.

నన్ను రేడియోలోకి లాగింది కూడా ఆయనే. హ్యామ్ రేడియో అంటే ఏ కంపెనీ టవరూ, ఏ నెట్టూ లేకుండా మన సెట్టు, మన తీగ పెట్టుకుని ఇంకో ఊళ్ళోనో ఇంకో దేశంలోనో ఉన్న మనిషితో మాట్లాడటం. దానికి పరీక్ష రాసి ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. లైసెన్సుతో పాటు అక్షరాలూ అంకెలూ కలిసిన కాల్‌సైన్ ఒకటి ఇస్తారు. గాలిలో మన పేరు అదే. నాకు లైసెన్సు వచ్చిన వారం మా మేడ మీద నీళ్ళ ట్యాంకు నుంచి మెట్ల గది దాకా తీగ కట్టాను. కింది వాటాలో ఆవిడ తన సీరియల్లో గీతలు వచ్చినప్పుడల్లా పైకొచ్చి ఆ తీగను అనుమానంగా చూసి వెళ్ళేది. నేను సెట్టు ముట్టని రోజున కూడా వచ్చేది.

ముడి జారిన తీగ

స్కౌట్లు, గైడ్లు ఏటా చలికాలం సెలవుల్లో మా క్యాంపస్‌లో నాలుగు రోజుల క్యాంపు వేసేవారు. వారాసిగూడ, నల్లకుంట, చుట్టుపక్కల బడుల నుంచి పిల్లలు వచ్చేవారు. క్యాంపు నడిపేది యాదమ్మ టీచర్. సర్కారు బడిలో లెక్కలు చెప్పేవారు. గైడ్ల డ్రెస్సులో, మెడలో విజిల్‌తో, మైదానం ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచేవారు. పిల్లలకి రేడియో పరిచయం చేయమని మా డిపార్ట్‌మెంటుని అడిగింది ఆవిడే. లైసెన్సున్నది నాకే కాబట్టి నేను వెళ్ళాను.

మొదటి ఏడాది నేనొక గంట మాట్లాడాను. రేడియో ఎవరు కనిపెట్టారు, తరంగాలంటే ఏమిటి, భూమికి ఎంతో ఎత్తున గాలిపొర వాటిని ఎలా వెనక్కి తిప్పి పంపుతుంది, అన్నీ చార్టులు పెట్టి చెప్పాను. పిల్లలు గడ్డి పీకుతూ కూర్చున్నారు. ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయారు. అయిపోయాక యాదమ్మ టీచర్ నాతో పాటు గేటు దాకా నడిచారు.

"మేడమ్, మీరు మంచిగనే చెప్పిండ్రు. గానీ మా పిల్లలు కూసొనే పిల్లలు గాదు. చేతికేమన్న ఇయ్యుండ్రి."

మరుసటి ఏడాది చార్టులు తీసుకెళ్ళలేదు. ఇరవై మీటర్ల తీగ, తాడు చుట్ట తీసుకెళ్ళి, "దీన్ని ఆ రెండు నీలగిరి చెట్ల మధ్య ఎంత పైన కడితే అంత దూరం వినబడుతుంది" అన్నాను. మొదటి ముడి నేనే వేశాను. జారింది. రెండోదీ జారింది. ఒక గైడ్ అమ్మాయి నా చేతిలోంచి తాడు తీసుకుంది.

"గట్ల కాదు మేడమ్. ఇట్ల రెండు సుట్లు వేసి, దీని కిందికెల్లి తియ్యాలె."

ముడులు వాళ్ళ విద్య. రాయికి దారం కట్టి కొమ్మ మీదుగా విసరడంలో పోటీలు పెట్టుకున్నారు. పావుగంటలో తీగ నేనెప్పుడూ కట్టనంత ఎత్తుకి వెళ్ళింది. సెట్టు పెట్టగానే బెంగళూరు నుంచి ఒక పెద్దాయన పలికాడు. తమ చేతులతో కట్టిన తీగలోంచి మనిషి గొంతు రావడం విన్న పిల్లల ముఖాలు చూశాక, ఏడాదంతా ఆ నాలుగు రోజుల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

పడమటి కిటికీ

కొన్నేళ్ళు అలాగే సాగింది. నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు జరిగిన క్యాంపులో అఖిల వచ్చింది. పదమూడేళ్ళు. వారాసిగూడలో వాళ్ళ నాన్నకి వెల్డింగు షాపు. ఆ పిల్లకి ఏదైనా ఒకసారి చెబితే చాలదు. చెప్పినది తిప్పి మనల్నే అడిగేది. మొదటి రోజు పొద్దున నేను ఫుట్‌బాల్ మీద టార్చి వెలుగు వేసి, భూమి తిరుగుతుంటే తూర్పున ఉన్న ఊళ్ళకి ముందు చీకటి పడుతుందని, చీకటి పడగానే దూరపు ఊళ్ళతో మాట్లాడే షార్ట్‌వేవ్ రేడియో తీరు మారిపోతుందని చూపించాను. అఖిల బంతి మీద వేలు పెట్టి, "కలకత్తల మనకన్న ముందు చీకటైతదా? మరి గడియారం ఒక్కటే గదా?" అంది. దేశమంతా ఒకే గడియారం పెట్టుకున్నాం గానీ సూర్యుడు దాన్ని చూసి నడవడని చెప్పాను. చాలాసేపు బంతిని తిప్పుతూ కూర్చుంది.

రెండో రోజుకి రేడియో మూగబోయింది. సూర్యుడి మీద తుఫానులాంటిది లేస్తే, ఆ ప్రభావం మన పైగాలి మీద పడి షార్ట్‌వేవ్ రెండు మూడు రోజులు పనిచేయదు. సెట్టులో లోపం లేదు, తీగలో లోపం లేదు. పొద్దుటి నుంచి పిలుస్తున్నాను, ఒక్కరూ పలకలేదు. వినబడేదంతా గరగర శబ్దమే.

మధ్యాహ్నం మా హెడ్ దేవేందర్ సార్ గుడారం దగ్గరికి వచ్చారు. సాయంత్రం ఒక పెద్ద అధికారి క్యాంపు చూడటానికి వస్తున్నారు.

"మేడమ్, గెస్టు ఐదున్నరకు మీ టెంటుకు వస్తడు. ఏదో ఒక స్టేషన్ వినిపియ్యాలె."

"షార్ట్‌వేవ్ బ్యాండు చచ్చిపోయింది సార్. ఎవరూ దొరకడం లేదు."

"చూడండి. ఈ మైదానం వచ్చే యేడు క్యాంపుకు ఇయ్యొద్దని ఆల్రెడీ ఒకరిద్దరు అంటున్నరు. ఆయన ఖుష్ అయితే ఆ మాట ఆగుతది. ఎట్లన్న చెయ్యండి."

దేవేందర్ సార్ చెడ్డ మనిషి కాదు. ఆయన భయం నిజమైనదే. 'ఎట్లన్న చెయ్యండి' అన్నారు గానీ అబద్ధం ఆడమని ఆయన అనలేదు. అది నా ఆలోచన. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికి చెప్పినా ఆయన మీదికి కొంచెం తోసేదాన్ని. ఇక్కడ తోయడం లేదు.

రామంతాపూర్‌లో శ్రీనివాసులు అని నాకు తెలిసిన హ్యామ్ ఉన్నాడు. మా కర్నూలు జిల్లా వాడే. క్యాంపస్‌కి నాలుగైదు కిలోమీటర్ల దూరం. అంత దగ్గర్లో ఉన్నవాళ్ళకి సూర్యుడి తుఫానుతో పని లేదు, ఎప్పుడైనా వినబడతారు. ఫోన్ చేశాను.

"శీనయ్యా, ఐదున్నరకి సెట్టు మీద ఉండు. పిల్లలతో మాట్లాడాలి."

"మాట్లాడల్ల అంటే మాట్లాడతాలేక్కా. అదేం పని."

"రామంతాపూర్ అని చెప్పొద్దు. నువ్వు పోయినేడు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళొచ్చావు కదా. అక్కడున్నానని చెప్పు."

"సరే, నువ్వు చెప్పినాక," అన్నాడు.

ఐదున్నరకి గెస్టు వచ్చారు. వెనక దేవేందర్ సార్, యాదమ్మ టీచర్, గుడారం నిండా పిల్లలు. నేను పిలిచాను. శీనయ్య గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. తన కాల్‌సైన్ చెప్పి, "పోర్ట్ బ్లెయిర్ నుంచి మాట్లాడుతున్నాను, ఎట్లున్నారు పిల్లలూ" అన్నాడు. గుడారం అంతా చప్పట్లు. గెస్టు ముందుకు వంగి, "అండమాన్ నుంచా?" అని నన్నే అడిగారు. అవునన్నాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని పేరు చెప్పుకుని, మాట ముగిసిందని తెలియడానికి 'ఓవర్' అన్నారు. సముద్రం కనిపిస్తుందా అని ఒకరడిగారు, చేపలు ఎంత పెద్దగా ఉంటాయని ఇంకొకరు. శీనయ్య అన్నిటికీ బాగా చెప్పాడు. అఖిల వంతు వచ్చింది.

"సార్, మీ దగ్గర చీకటయిందా? ఓవర్."

"లేదమ్మా, ఇంకా ఎండ ఉండాది. కిటికీలోంచి నేరుగా కళ్ళలో పడతాంది. ఓవర్."

అఖిల మైకు పట్టుకునే గుడారం బయటికి ఒకసారి చూసింది. తర్వాత, "థ్యాంక్యూ సార్. ఓవర్" అని పక్కవాళ్ళకి ఇచ్చేసింది.

గెస్టు నాతో చెయ్యి కలిపి, ఇలాంటివి ప్రతి బడిలో ఉండాలని చెప్పి వెళ్ళారు. దేవేందర్ సార్ ముఖంలో పొద్దుటి నుంచి లేని వెలుగు. నేను వైర్లు చుట్టుకుంటుంటే అఖిల వచ్చి బల్ల పక్కన నిలబడింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకునే వచ్చింది.

"మేడమ్, ఆ సారు నిజంగ పోర్ట్ బ్లెయిర్ల ఉన్నడా?"

"ఉన్నారు కదా. విన్నావుగా."

"మరి గాడ ఎండ ఎట్లున్నది? నిన్న పొద్దున మీరే బాలు మీద చూపెట్టిండ్రు. తూర్పుకున్నోళ్ళకు ముందు చీకటైతది గదా. అండమాన్ కలకత్త కన్న ఇంక తూర్పుకున్నది. మనకే పొద్దు గూకుతున్నది ఇప్పుడు."

బయట మైదానం మీద ఎండ చివరి ఎరుపులో ఉంది. ఆ పిల్ల అటు చూసి నా వైపు చూసింది. నా ఉద్యోగంలో నేను చెప్పిన పాఠాన్ని అంత బాగా వాడినవాళ్ళు లేరు. ఆ మాట అనాల్సింది. నేను అన్నది వేరు.

"ఆయన సరదాకి అన్నారేమోలే."

"సరే మేడమ్" అని వెళ్ళిపోయింది.

గేటు నుంచి తార్నాక దాకా

ఆ సాయంత్రం బస్సెక్కకుండా నడిచి ఇంటికి వెళ్ళాను. క్యాంపస్ గేటు దాటి తార్నాక చౌరస్తా దాకా ఆ 'సరే మేడమ్' నాతోనే ఉంది. కోపంగా అనలేదు. ఒక మనిషిని అడిగి లాభం లేదని తేలాక అనే మాట అది. గెస్టు ముందు ఆడిన అబద్ధానికి ఏవో కారణాలు చెప్పుకోగలను. క్యాంపు, మైదానం, పిల్లల సంతోషం. ఆ పిల్లతో ఆడినదానికి ఒక్క కారణమూ లేదు. చుట్టూ ఎవరూ లేరు. నన్ను నలుగురిలో నిలదీయకుండా, నా పరువు కాపాడుతూ వచ్చి అడిగింది. చెప్పడానికి వచ్చిన పిల్లని నేను మళ్ళీ ఆ కాలిన మీటర్ల బీరువా దగ్గరికి పంపాను.

దారిలో శీనయ్యకి ఫోన్ చేసి చెప్పాను.

"ఎండ అనకుండా ఉండాల్సింది. నా తప్పేలే" అన్నాడు.

"ఎండ గురించి కాదు శీనయ్యా."

"చిన్నపిల్ల కదక్కా. మర్చిపోతాది."

"మర్చిపోదు. మర్చిపోకూడదు కూడా."

మూడో రోజు పొద్దున గుడారంలో అఖిల లేదు. యాదమ్మ టీచర్ వచ్చి, "అఖిల ఈడికి రానంటున్నది మేడమ్. ఫస్ట్ ఎయిడ్ల కూసుంటదంట. పొల్లకు రేడియో అంటే పానం ఉండె. ఏమన్న అన్నరా?" అని అడిగారు. ఏమీ అనలేదు, అనాల్సింది అనలేదు, అన్నాను. ఆపైన మొత్తం చెప్పేశాను. ఆవిడ విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ విన్నారు.

"మరి పిల్లలకు చెప్తరా?"

"చెప్తాను. ముందు సార్‌కి చెప్పి వస్తాను."

దేవేందర్ సార్ గదిలో నిలబడే చెప్పాను.

"ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తరు మేడమ్? ఎవరికీ నష్టం లేకపాయె."

"ఒక పిల్ల రేడియో మానేసింది సార్."

"గెస్టుకు తెలిస్తే?"

"ఆయనకీ నేనే ఉత్తరం రాస్తాను. నా పేరుతోనే."

"మీ ఇష్టం. డిపార్ట్‌మెంటు పేరు మాత్రం తియ్యకండి" అని కాగితాల మీదికి వంగిపోయారు.

జెండా దగ్గర

మధ్యాహ్నం భోజనాలకి ముందు యాదమ్మ టీచర్ విజిల్ వేసి పిల్లలందర్నీ జెండా దగ్గర కూర్చోబెట్టారు. అఖిల ఫస్ట్ ఎయిడ్ జట్టుతో చివర కూర్చుంది. నేను ఎన్నో క్లాసుల్లో మాట్లాడినదాన్ని. ఆ రోజు చార్టూ లేదు, తాడూ లేదు, చేతులు కట్టుకుని చెప్పాను.

"నిన్న మీతో మాట్లాడిన సార్ అండమాన్‌లో లేరు. రామంతాపూర్‌లో ఉన్నారు. అండమాన్ అని చెప్పమని నేనే ఆయనకి చెప్పాను. ఒకరు కనిపెట్టి నన్ను అడిగితే మళ్ళీ అబద్ధం చెప్పాను. తప్పు చేశాను."

ఎవరో, "అంటే మనం మాట్లాడింది రామంతాపూర్‌తోనా?" అన్నారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే నల్లకుంట బడి నుంచి వచ్చిన ఒక చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. నిన్న టీచర్ ఫోన్ తీసుకుని వాళ్ళమ్మకి అండమాన్‌తో మాట్లాడానని చెప్పాడట.

"మా అమ్మ ఇల్లిల్లు తిరిగి అందరికి చెప్పింది మేడమ్. ఇప్పుడు నేనేం చెప్పాలె?"

నవ్వు ఆగిపోయింది. నా అబద్ధం అంత దూరం వెళ్ళిందని నేను ఊహించలేదు. "నువ్వు చెప్పొద్దు నాన్నా. నేను చెప్తాను" అని అక్కడే వాళ్ళమ్మకి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, మన్నించమన్నాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక అంది:

"అయితే రామంతాపూర్‌తోని మాట్లాడిండా? అదీ దూరమే గదా మేడమ్. మా నల్లకుంటకెల్లి రెండు బస్సులు మారాలె. ఫోను తీగ లేకుంట, సెల్లు లేకుంట మాట్లాడిండు గదా మా పోరడు. గంతకంటె ఏం గావాలె."

ఆ ముందు సాయంత్రం గెస్టుకి నేను చెప్పాల్సిన మాటే అది. సార్, ఇవాళ సూర్యుడు అలిగాడు, దూరం వాళ్ళు దొరకరు, కానీ ఈ పిల్లలు కట్టిన తీగతో రామంతాపూర్ దాకా మాట్లాడతారు చూడండి అంటే, ఆయన అప్పుడూ సంతోషించేవారేమో. నాకే ఆ నిజం చిన్నదిగా కనబడింది.

పిల్లలు లేచి భోజనాలకి వెళుతుంటే అఖిల నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల మొదట అడిగింది ఒక్కటే.

"మీ లైసెన్సు పోతదా మేడమ్?"

రేడియోలో అబద్ధపు సమాచారం పంపకూడదని మొదటి రోజు నియమాలు చెప్పినప్పుడు నేనే చెప్పాను. "పోవచ్చు. జరిగింది నేనే రాసి పంపుతాను" అన్నాను. తల ఊపి అన్నం వరుసలోకి వెళ్ళింది. అంతకుమించి మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు. తప్పు ఒప్పుకున్నామని పిల్లలు వెంటనే మన పక్కకి వచ్చి కూర్చోవాలనుకోవడం కూడా ఒక అత్యాశే.

రెండు ఉత్తరాలూ ఆ వారమే పంపాను. లైసెన్సు ఆఫీసు నుంచి జవాబు రాలేదు, లైసెన్సూ పోలేదు. గెస్టు నుంచీ జవాబు రాలేదు. మరుసటి ఏడాది మైదానం మామూలుగానే ఇచ్చారు. మేం భయపడిందేదీ జరగలేదు. దేవేందర్ సార్ మాత్రం ల్యాబు సెట్టు క్యాంపుకి ఇవ్వడం ఆపేశారు. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా మా ఇంట్లో పాత సెట్టునే ఆటోలో వేసుకుని తీసుకెళ్ళాను. అది ఆయన నాకు వేసిన శిక్ష. తక్కువేనని అనుకున్నాను.

క్యాంపులో రేడియో పెట్టబోయే అమ్మాయికి ఇంకో మాట. నీ దగ్గరికి పెద్దవాళ్ళు వస్తారు, ఏదో ఒకటి చూపించమంటారు. ఏమీ వినబడని రోజు ఏమీ వినబడటం లేదని చెప్పు. పిల్లలు నిరాశపడతారని భయం వేస్తుంది. పడతారు, పడనీ. చేపలు పట్టేవాళ్ళు రోజూ నిరాశపడుతూనే మళ్ళీ గాలం వేస్తారు. పిల్లలకి గరగర శబ్దంలో ఓపిగ్గా కూర్చోవడం మనం అనుకున్నదానికన్నా బాగా వచ్చు. ఆ సంగతి నాకు చివరి రోజున తెలిసింది.

చివరి రోజు

నాలుగో రోజు మధ్యాహ్నానికి బ్యాండు కొంచెం కదిలింది. మనుషుల గొంతులు చాలా అడుగున, నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చి పోతున్నాయి. మూడున్నర ప్రాంతంలో అఖిల గుడారం దగ్గరికి వచ్చి, "మేడమ్, నేను ఉత్తగ వింట. మాట్లాడ" అంది. ఇయర్‌ఫోన్స్ ఇచ్చి పక్క కుర్చీ చూపించాను. ఫ్రీక్వెన్సీ తిప్పే బటన్ ఎంత నెమ్మదిగా తిప్పాలో ఒకసారి చూపించి వదిలేశాను.

గంటన్నర వింది. మధ్యలో నలుగురైదుగురు పిల్లలు వచ్చి కూర్చున్నారు. స్పీకర్లో శబ్దం తప్ప ఏమీ లేకపోయినా లేవలేదు. బయట గుడారాలు విప్పుతున్నారు. యాదమ్మ టీచర్ తాళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. క్యాంపు ఇంకో అరగంటలో అయిపోతుందనగా అఖిల చెయ్యి పైకెత్తింది.

"ఎవరో పిలుస్తున్నరు. ఫోర్... సియెర్రా... సెవెన్. తర్వాత వినపడ్తలేదు."

నేనూ ఇంకో జత ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. నాకు గరగర తప్ప ఏమీ లేదు. అరవైకి దగ్గరపడిన చెవులు నావి. "నాకు వినబడటం లేదు. నీకు నిజంగా వినబడుతోందా?" అని అడిగాను. అడిగాక, ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు ఎంతుందో తెలిసి తల దించుకున్నాను.

"వినపడ్తున్నది మేడమ్. మళ్ళ పిలుస్తున్నడు."

"అయితే నువ్వే జవాబు చెప్పు."

మాట్లాడనన్న పిల్ల మైకు తీసుకుంది. మా కాల్‌సైన్ ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. పేరు చెప్పింది. హైదరాబాద్ అని రెండుసార్లు చెప్పింది. వదిలి, కళ్ళు మూసుకుని వింది. అఖిల పెదవులు కదులుతున్నాయి, అటు మనిషి మాటల్ని తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత కళ్ళు తెరిచింది.

"నా పేరు తిరిగి చెప్పిండు మేడమ్. అఖిల అన్నడు. వాన అనో ఏమో అన్నడు. తర్వాత పోయింది."

మళ్ళీ పిలిచింది. మూడుసార్లు పిలిచింది. ఇక రాలేదు.

నేను లాగ్‌బుక్ తెరిచాను. ఎవరితో మాట్లాడినా టైమూ, కాల్‌సైనూ, ఊరూ అందులో రాయాలి. సియెర్రా అంటే రేడియోలో 'ఎస్' అక్షరం; కాల్‌సైన్ ఫోర్ సియెర్రా సెవెన్‌తో మొదలైతే అది శ్రీలంక. ఊరు దగ్గర శ్రీలంక అని రాయడానికి పెన్ను పెట్టాను. అఖిల నా మోచెయ్యి పట్టుకుంది.

"మొత్తం వినపడలే గదా మేడమ్. సియెర్రానో కాదో నాకు పక్కాగ తెల్వది. సగమే రాయుండ్రి."

పుస్తకం తన వైపు తిప్పి పెన్ను ఇచ్చాను. టైము రాసింది. విన్న మూడింటినీ రాసి, రెండో దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. మిగతావాటికి మూడు గీతలు గీసింది. ఊరు దగ్గర ఖాళీ వదిలింది.

నల్లకుంట చిన్నవాడు బల్ల మీదికి వంగి ఆ గీతల్ని చూశాడు.

"ఎవరక్కా ఆయన? ఏ ఊరు?"

"తెల్వది" అంది అఖిల, ఇయర్‌ఫోన్స్ మళ్ళీ పెట్టుకుంటూ. "గానీ ఉన్నడు."